పందిరి ఎక్కడ వేద్దాం?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మొదటిది చేసి చూశాను. నాగర్‌కర్నూల్లో రెండు వందల గజాల జాగాలో, బ్యాంకువారి దయవల్ల, నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నాను. రెండోదీ చేసి చూద్దామని కూర్చునేసరికి పెద్దలు చెప్పకుండా దాచిన రహస్యం ఒకటి బయటపడింది. కట్టిన ఆ ఇంట్లో ఈ పెళ్ళి పట్టదు!

మా అమ్మాయికి గద్వాల సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు. వియ్యంకుడు అంతకంటే మంచివాడు, అంటే తక్కువ మాట్లాడతాడు. ముహూర్తం దొరికింది. చీరల సంగతి గద్వాలవాళ్ళకు మనం చెప్పేదేముంది? అన్నీ అయ్యాయనుకుని మంచం మీద నడుం వాలుస్తుండగా మా ఆవిడ అడిగింది.

"అన్నీ సరే, పెళ్ళెక్కడ?"

ముప్ఫయ్యేళ్ళు బళ్ళో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. ఎవరైనా ప్రశ్న అడిగితే దానికి ముందు చరిత్ర చెప్పడం అలవాటు. "పూర్వం ఈ ప్రశ్నే లేదు తెలుసా?" అన్నాను. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందుచేత ఆ చరిత్ర మీకు చెబుతున్నాను. మీరు లేచి వెళ్ళరన్న నమ్మకం.

నిజంగానే పూర్వం ఈ ప్రశ్న లేదు. ఆడపిల్ల ఇల్లే పెళ్ళిచోటు. ఇంటిముందు పందిరి, పక్కింట్లో మగపెళ్ళివారి విడిది, ఊరి పొలిమేరలో ఎదురుకోళ్ళు. పందిరి గుంజలూ పీటలూ వడ్లవారు తెచ్చేవారు. ఐరేని కుండలు కుమ్మరివారు తెచ్చేవారు. పైన కట్టే బట్టల బాధ్యత చాకలివారిది. పచ్చికొమ్మలు ఎవరో ఒకరు బండిమీద వేసుకొచ్చి పడేసేవారు. ఐదు రోజుల పెళ్ళికి చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చి, ఎవరి అరుగుమీద చోటుంటే ఆ అరుగుమీద పడుకునేవారు. అంటే ఆ రోజుల్లో పెళ్ళిచోటు వెదికేవారు కాదు, ఊరే దాన్ని కట్టేది. పనయ్యాక ఊరే విప్పేది.

ఇలా రాస్తుంటే నాకే కళ్ళు చెమరుస్తున్నాయి గాని, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆ పందిరి కట్టినవాళ్ళందరూ ఆ పందిట్లో కూర్చుని తిన్నవాళ్ళు కారు. ఎవరి పంక్తి వాళ్ళది. కొందరికి పంక్తే లేదు, దూరంగా నిలబడి ఆకులో కట్టించుకుని పోవలసిందే. ఇవాళ ఫంక్షన్ హాలును మనం ఎంత తిట్టుకున్నా, అద్దె కట్టినవాణ్ణి అది కులం అడగదు. దానికి తెలిసిన గోత్రం అడ్వాన్సు ఒక్కటే. చరిత్ర తరాజులో ఇది కూడా వేయాలి.

మనుషులకు ఇల్లుంటే దేవుళ్ళకు మండపాలుండేవి. అసలు కల్యాణమండపం అనే మాట దేవుడి పెళ్ళికోసం పుట్టింది. విజయనగర కాలంలో పెద్ద గుడి కడితే దాని ప్రాకారంలో చెక్కిన స్తంభాలతో ఒక కల్యాణమండపం ఉండాల్సిందే. ఏటా ఒక్కరోజు పెళ్ళికోసం అంత రాతిపని! లేపాక్షిలో శివపార్వతుల కోసం 16వ శతాబ్దంలో మొదలెట్టిన కల్యాణమండపం ఇప్పటికీ పూర్తి కాలేదు. స్తంభాలు లేచాయి, కప్పు పడలేదు. పెళ్ళిపనులు తెమలకపోవడం మన ఒక్కళ్ళ ఇంట్లోనే కాదన్న ధైర్యం కావాలనుకునేవాళ్ళు లేపాక్షి వెళ్ళి చూసి రావచ్చు.

చోటు మార్చుకున్న దేవుళ్ళూ ఉన్నారు. సీతమ్మ పెళ్ళి పుట్టింట, మిథిలలోనే అయింది. రుక్మిణీదేవికి మాత్రం పుట్టింటివాళ్ళు అన్నీ సిద్ధం చేశాక వరుడే మారిపోయాడు, దాంతో పెళ్ళి ద్వారకకు మారింది. భద్రాచలంలో శ్రీరామనవమినాడు వచ్చే జనానికి గుడి చాలదు గనుక కల్యాణం బయట మిథిలా స్టేడియంలో జరుగుతుంది. చుట్టాలు ఎక్కువైతే ఇంట్లో చేయలేమన్నది రాములవారికి కూడా తెలిసొచ్చిందన్నమాట.

ఈ గొడవ మనదొక్కరిదే అనుకోకండి. ఇంగ్లండులో 1753లో ఒక చట్టం చేశారు. చర్చిలో, పద్ధతి ప్రకారం జరగని పెళ్ళి పెళ్ళే కాదన్నారు. యూదులకూ క్వేకర్లకూ మాత్రం మినహాయింపు. దాంతో పెద్దలు ఒప్పుకోని జంటలు గుర్రబ్బగ్గీ ఎక్కి, ఆ చట్టం చెల్లని స్కాట్లండు సరిహద్దు దాటేవారు. దాటగానే తగిలే ఊరు గ్రెట్నా గ్రీన్. అక్కడ కమ్మరి కొలిమి దగ్గర, ఇద్దరు సాక్షుల ముందు పెళ్ళి! దాగలి మీద సమ్మెట దెబ్బే మంగళవాయిద్యం. హోటళ్ళలో, కోటల్లో రిజిస్టరు పెళ్ళి చేసుకోవడానికి ఇంగ్లండువారికి 1995 దాకా వీలు కాలేదు. అందుకోసం 1994లో మళ్ళీ ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

మన చట్టం ఈ విషయంలో ఉదారం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇరుపక్షాలలో ఎవరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్ళే అంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టే అంది. ఆ ఏడడుగులు ఎక్కడ వేయాలో అనలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే రిజిస్ట్రారు కచేరీలో చేసుకోవచ్చు, లేదా అదనపు రుసుము కట్టి దగ్గర్లో వేరే చోటికి ఆయన్నే పిలుచుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేశాక, ఆ కాగితంలో పెళ్ళి జరిగిన చోటు రాయాలి. అంతవరకే. ఏడడుగులకు సరిపడా నేల ఉంటే ప్రభుత్వానికి చాలు. చాలనిది మనకే.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు పెరిగింది. చరిత్ర చాలించి చోటు వెదకడానికి బయల్దేరాను. అమ్మ కూడా వస్తానంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. "నువ్వెందుకమ్మా?" అంటే, "మీరు పైన దీపాలు చూస్తరు, కింద నేను జూస్త" అంది.

మొదట గద్వాల. వియ్యంకుడి ముచ్చట అది. "కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉండగా వేరే చోటెందుకు బావా?" అన్నాడు. గద, వాలు అనే ఆయుధాల పేరుమీద గద్వాల అయిందని ఒక కథ చెబుతారు. ఆ మట్టికోట 18వ శతాబ్దం మొదట్లో సోమనాద్రి కట్టించింది. పండితులను ఎంతగా ఆదరించారో గాని విద్వద్గద్వాల అని పేరొచ్చింది. చివరగా పాలించిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. 1949లో జాగీర్లు రద్దయి సంస్థానాల కథ ముగిసింది. ఇప్పుడు కోటలో ఆమె పేరిటే డిగ్రీ కాలేజీ ఉంది.

గద్వాల పేరు చెప్పగానే పెళ్ళి గుర్తుకు రావడానికి కోట కారణం కాదు, మగ్గం. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండూ వేరువేరు పోగులు, నేసేటప్పుడే ఒకదానికొకటి ముడిపడతాయి. ఆ కలిపేచోట తేడా వస్తే చీర చిరుగుతుంది. పెళ్ళికి ఇంతకంటే మంచి పోలిక నాకు తోచదు గాని, మా వియ్యంకుడి ముందు అనలేదు. తిరుమల వేంకటేశ్వరస్వామికి ఏటా బ్రహ్మోత్సవాల వేళకు ఏరువాడ జోడు పంచెలు వెళ్ళేది కూడా ఈ గద్వాల నుంచే. సంస్థానం పోయినా ఆ ఆనవాయితీ పోలేదు.

గుడి బాగుంది. ఎత్తయిన గోడల మధ్య చల్లగా ఉంది. అమ్మ దేవుడికి దండం పెట్టుకుని బయటికొచ్చి నన్ను రెండు ప్రశ్నలడిగింది. "నీళ్ళు యాడ? ముసలోళ్ళు యాడ కూసుంటరు?"

మా వియ్యంకుడు చుట్టూ చూశాడు. నేను పైకి చూశాను. పైగా మా వైపు నుంచి రావలసినవాళ్ళు మూడు బస్సులు. ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి, అక్కణ్ణించి మళ్ళీ లోపలికి రావాలి. గద్వాల వాయిదా పడింది.

తరువాత వనపర్తి. ఇది మధ్యేమార్గం. గద్వాలవాళ్ళు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వస్తారు, మేము ఇటు బిజినేపల్లి మీదుగా పోతాం. ఇక్కడా సంస్థానమే, ఒకప్పుడు సూగూరు సంస్థానం అనేవారు. రాజావారి ప్రాసాదం 1959 నుంచి పాలిటెక్నిక్. ఎంత చమత్కారమో చూడండి. రాజుల ప్యాలెస్‌లు బడులయ్యాయి, ఊరి బయట వేసిన రేకుల షెడ్లు ప్యాలెస్‌లయ్యాయి! దారి పొడవునా ఫలానా ప్యాలెస్, ఫలానా గార్డెన్ అని బోర్డులు. ఒక గార్డెన్‌లో మొక్క కోసం వెదికాను. ఉంది, ప్లాస్టిక్‌ది.

మా అమ్మాయి మనసు మాత్రం పెబ్బేరుకు దగ్గర్లోని శ్రీరంగాపురం మీద పడింది. వనపర్తి పాలకులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, చుట్టూ రంగసముద్రం చెరువు. గోపురం నీళ్ళలోకి తొంగి చూసుకుంటున్నట్టుంటుంది. "ఫోటోలు ఎంత బాగా వస్తాయో నాన్నా!" అంది. వస్తాయి, సందేహం లేదు. అక్కడ కూడా అమ్మ రెండు ప్రశ్నలూ సిద్ధంగా ఉన్నాయి. నీళ్ళ ప్రశ్న అడగబోయి, చుట్టూ చెరువు చూసి, తమాయించుకుంది. కాసేపు ఆ నీళ్ళవైపే చూస్తూ ఉండిపోయింది. తరువాత ఏమీ అడగలేదు. "పోదాం పదరా" అంది. ఎండ తగిలిందనుకున్నాను.

చివరికి మా ఊరే. నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. గద్వాల, వనపర్తి కూడా అదే రోజున జిల్లాలయ్యాయి. అంతకుముందు అందరం పాలమూరు జిల్లావాళ్ళమే. జిల్లా అయ్యాక కలెక్టరేటుతో పాటు ఫంక్షన్ హాళ్ళు కూడా లేచాయి. నా చిన్నప్పుడు ఇవేవీ లేవు. ఇల్లు ఇరుకైనవాళ్ళు ఎండాకాలం సెలవుల్లో బడిగదులు అడిగి విడిదిచ్చేవారు. నల్లబల్ల మీద ఏప్రిల్ నాటి లెక్క అలాగే ఉండేది, దాని కింద మగపెళ్ళివారు కాఫీ సరిగా లేదని అలిగేవారు. ఆ తరువాత టెంట్‌హౌస్‌లు వచ్చి వీధికి అడ్డంగా షామియానాలు లేచాయి. తిరుమల తిరుపతి దేవస్థానంవారు రాష్ట్రంలో చాలాచోట్ల కల్యాణమండపాలు కట్టించారు, ప్రభుత్వం షాదీఖానాలు కట్టించింది. మోటారుసైకిళ్ళు పెరిగాక వీధులు చాలలేదు. అప్పుడొచ్చాయి ఈ హాళ్ళు.

వీటిని కట్టిన చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, పట్నంలో అంతస్తులు అన్నిటికీ మట్టి మోసినవాళ్ళు మావాళ్ళు. వాళ్ళిళ్ళలో లగ్గం చేయాలంటే పనులమీద పోయినవాళ్ళు ఎండాకాలం ఊరికి రావాలి. పంతులు చెప్పే ముహూర్తం తరువాత, మేస్త్రీ ఇచ్చే సెలవు ముందు!

మా ఊళ్ళో చూసిన హాలు బ్రహ్మాండంగా ఉంది. ఏసీ, లిఫ్టు, పెళ్ళికూతురి గదికి ఐదు అద్దాలు. అద్దె వినగానే నాకు కూడా ఏసీ వేసినట్టయింది. అయినా మనసు లాగింది. గద్వాలవాళ్ళ ముందు తక్కువ కాకూడదు కదా! మా నాయిన నాకిచ్చిన రెండెకరాల చెలక ఉంది, అందులో ఒక ఎకరం తీసేస్తే హాలూ, భోజనాలూ, అలంకరణా అన్నీ దర్జాగా అయిపోతాయి. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను.

అమ్మ ముద్ద కింద పెట్టింది.

"నా లగ్గం యాడయిందో నీకెరుకేనా?"

ఎరుకే అనుకున్నాను. కృష్ణ ఒడ్డున అమ్మమ్మగారి ఊళ్ళో, ఇంటిముందు పందిట్లో అని మేమందరం అనుకునేవాళ్ళం. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మేమెప్పుడూ అడగలేదు. తల్లిదండ్రుల పెళ్ళి మనం పుట్టకముందు సంగతి గనుక అది చరిత్ర కాదనుకుంటాం కాబోలు.

"మంచాలకట్ట మాధవస్వామి గుడిల అయింది" అంది.

1958 సంగతి. ఆ ఏడు మా తాత పొలం సరిగా పండలేదు. పందిరి వేసి ఐదు రోజులు ఊరిని నిలుపుకోవాలంటే షావుకారు దగ్గర రెండెకరాలు తనఖా పెట్టాలి. పెద్దమనుషులు పెట్టెయ్యమన్నారు. తాత ఒక రాత్రంతా కూర్చుని ఆలోచించి, తెల్లవారి మంచాలకట్ట పోయి పూజారితో మాట్లాడి వచ్చాడు. ఒక్కరోజు పెళ్ళి. గుళ్ళో తాళి, గుడి బయట చెట్టుకింద పప్పు, చారు, అన్నం. ఇవాళ గుళ్ళో పెళ్ళంటే మనకు ముచ్చట. ఆ కాలంలో మా పల్లెల్లో గుడి పెళ్ళంటే చేతగానివాడి పెళ్ళి. మా నాయినవైపు చుట్టాలు ఆ మాట పదేళ్ళు అన్నారట. గుడిల దెచ్చిన కోడలని. అందుకే అమ్మ నోరు మూసుకుంది. అరవై ఏళ్ళు దాటినా తెరవలేదు.

"ఆ రెండెకరాలు ఏమైనయో తెలుసు గదా?" అంది.

అది తెలుసు. శ్రీశైలం నీళ్ళలో పోయాయి. 1981లో జలాశయం నిండుతుంటే కర్నూలు, పాలమూరు జిల్లాల్లో కృష్ణా తుంగభద్రల వెంట వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మా అమ్మమ్మగారి ఊరు వాటిలో ఒకటి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. తాత ఇంటి వాసాలు విప్పి బండికెత్తుతుంటే పక్కన నిలబడ్డాను.

"మరి నీళ్ళపాలయ్యేదాని కోసం గుళ్ళో చేశాడా?" అని నోరుజారాను.

"నీళ్ళపాలు ఎప్పుడైనయి? ఇరవై మూడేండ్ల తర్వాత గదా! ఆ ఇరవై మూడేండ్లు నా తమ్ములకు అన్నం బెట్టింది అదే. నువ్వు సెలవులకు పోయి దిన్న జొన్నరొట్టె యాడిది అనుకున్నవు? నా లగ్గం పందిట్లయింటే ఐదు దినాలు దిని పోయేటోళ్ళు. మా నాయిన నాకు పందిరెయ్యలేదని నేను గూడ చానా దినాలు ఏడ్సిన. ఇప్పుడు నీ ఎకరం మాట ఇంటుంటె అర్థమైతుంది, ఆయన ఆ రాత్రి ఎట్ల కూసున్నడో."

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ లేచి అమ్మ కంచంలో మజ్జిగ పోసింది.

అప్పుడు నాకు వెలిగింది. శ్రీరంగాపురంలో ఎండ తగల్లేదు. గుడి, చుట్టూ నీళ్ళు, ఆ దృశ్యం తగిలింది.

"అమ్మా, ఆ గుడి నీళ్ళలో పోలేదు. కొల్లాపురంలో ఉంది" అన్నాను.

ఇది చాలామందికి తెలియని సంగతి గనుక కొంచెం వివరంగా చెబుతాను. శ్రీశైలం నీళ్ళు వచ్చే ముందు, మునిగిపోయే పాత గుళ్ళను కొన్నిటిని విప్పి వేరేచోట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. సోమశిల గుళ్ళూ, జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ గట్టెక్కాయి. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురం వచ్చాడు. ఇలాంటి గుడి విప్పాలంటే ముందు కొలతలు, పటాలు, ఫోటోలు తీసుకుంటారు. రాయి రాయికీ నంబరు వేస్తారు. పైనుంచి కిందికి విప్పి, బండ్లకెత్తి, కొత్తచోట కిందినుంచి పైకి అదే వరసలో పేర్చుతారు. ఒక్క రాయి వరస తప్పితే పైన కప్పు కూర్చోదు. జటప్రోలు సురభివారి ఏలుబడి నాటి గుడి అది. గోడల మీద విష్ణుమూర్తి ఇరవైనాలుగు రూపాలు చెక్కి ఉంటాయి. ఆ వంశంలోని సురభి మాధవరాయలే 'చంద్రికా పరిణయం' రాశాడు. పెళ్ళిమీద ప్రబంధం రాసిన రాజుల నేలమీద పెళ్ళికి చోటు దొరక్క తిరుగుతున్నానన్నమాట నేను!

గుడి కొల్లాపురం వచ్చిన సంగతి అమ్మకు తెలుసట. నలభై ఏళ్ళుగా ఒక్కసారీ పోలేదు. ఎందుకు పోలేదంటే, "రాళ్ళు దెచ్చిన్రు. ఏరు దెచ్చిన్రా?" అంది.

ఆ మాటకు సాంఘిక శాస్త్రం మాస్టరు దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఎకరం కొనేవాడికి లేదని చెప్పేశాను. చుట్టాల జాబితా తీసి, మొహమాటానికి రాసిన పేర్లు కొట్టేశాను. ఆరు వందలు నాలుగు వందలయ్యాయి. చోటు వెదకడంలో మొదటి సూత్రం ఇదేనని ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను. ముందు హాలు చూసి జనాన్ని లెక్కపెట్టకండి, జనాన్ని లెక్కపెట్టుకుని హాలు చూడండి. 2020 మే నెలలో కరోనా కారణంగా పెళ్ళికి యాభైమంది మించరాదని కేంద్రప్రభుత్వం అంది. ఆ రోజుల్లో మా వీధిలో ఒక పెళ్ళి డాబామీద జరిగింది. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పెళ్ళి గట్టిగానే నిలబడింది.

వనపర్తిలో ఒక పాత హాలు కుదుర్చుకున్నాం. లిఫ్టు లేదు, ఎందుకంటే పై అంతస్తే లేదు. వెనకాల బోరుబావి, రెండు పెద్ద వేపచెట్లు, భోజనాలు పెళ్ళి జరిగే నేలమీదే. అమ్మ రెండు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరికింది. ఒకచోట నిలబడి, "పీటలు ఇక్కడ. ముసలోళ్ళ కుర్చీలు ఇక్కడ. ఆడోళ్ళ పాయఖాన దగ్గర్నే ఉంది" అని నిర్ణయించేసింది. ఐదు అద్దాలు లేనందుకు మా అమ్మాయి కొంచెం నొచ్చుకుంది గాని, "నాయినమ్మకు నచ్చింది కదా" అని ఊరుకుంది.

శుభలేఖలు అచ్చయిన రోజు అమ్మ తానే అంది, "మొదటిది మాధవస్వామికి ఇయ్యాలె" అని.

కొల్లాపురం పోయాం. అమ్మ మనవరాలి భుజం పట్టుకుని గుడిచుట్టూ మెల్లగా నడిచింది. ఒకచోట ఆగింది. గోడమీది విగ్రహాన్ని చేత్తో తడిమింది. "తాళిగట్టినంక ఈడ్నే నిలబడ్డ. ఈయప్ప కాళ్ళు జూసుకుంట నిలబడ్డ, తల ఎత్తితే అందరు జూస్తరని" అంది. అవే కాళ్ళో కావో నేను చెప్పలేను. రాళ్ళు వరస తప్పలేదు గనుక అయ్యే ఉంటాయి. మా అమ్మాయి ఫోటో తీయబోయి, ఎందుకో ఫోను దించేసింది.

పెళ్ళి బాగా జరిగింది. కొల్లాపురం మామిడితోటలోంచి తోరణాలకు కొమ్మలు తెప్పించాం. గద్వాల అంచు చీరలో మా అమ్మాయి ఏడడుగులు నడిచింది. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరిద్దరు అన్నారు. అనకపోతే పెళ్ళి కాదు.

భోజనాలయ్యాక వేపచెట్టు నీడన కుర్చీల్లో ముసలమ్మలందరూ చేరారు. మగపెళ్ళివారివైపు పెద్దావిడ ఒకామె మాటల్లో మా అమ్మను అడిగింది.

"నీ లగ్గం యాడయింది వదినె?"

నేను అటుగా మంచినీళ్ళు పట్టుకుపోతూ ఆగిపోయాను. అమ్మ గొంతు తగ్గించలేదు.

"మంచాలకట్ట మాధవస్వామి గుడిల."

"ఆ గుడి నీళ్ళల్ల పోలేదా?"

"పోలేదు. నేను నాగర్‌కర్నూలు వొచ్చిన, అది కొల్లాపురం వొచ్చింది" అని, అమ్మ నావైపు తిరిగి, "నిలబడి జూస్తవేందిరా, నీళ్ళియ్యి అందరికి" అంది.